పిడికిలిగాడి చిన్నతనం

ఫిబ్రవరి 9

రిపోర్టులు వచ్చాయి. మిగతాది రేపు రాస్తాను.

ఫిబ్రవరి 10

మిగతాది.

డాక్టరమ్మ మంచిదే. తొందరపడలేదు, తెర మీద చూపిస్తూ చెప్పింది. బిడ్డ ఒంట్లో ప్రతి కణంలోనూ ఒక క్రోమోజోమ్ ఎక్కువుందని ఉమ్మనీటి పరీక్షలో తేలిందట. గుండె గోడకి కన్నం ఉంది. ఊపిరి తీసుకోమని గుర్తు చేసే చోట మెదడు సరిగా ఎదగలేదు. దీనికి వైద్యం లేదు. కడుపులో ఉన్నన్నాళ్ళూ నా ఊపిరి మీద గడిచిపోతుంది. బయటికి వచ్చాక గంటలా, రోజులా అన్నది ఎవరూ చెప్పలేరంది. కొందరు బిడ్డలు అంతదాకా కూడా రారంది.

ఉంచుకుంటారా అని అడిగింది. ఉంచుకుంటామని ఇద్దరం ఒకేసారి అన్నాం. పెళ్ళయినప్పటినుంచి మేమిద్దరం వాదించుకోకుండా ఒక మాట మీదికి రావడం ఇదే మొదలు.

స్కానులో వాడు (ఆడో మగో చెప్పరు, నాకు మాత్రం వాడే) రెండు పిడికిళ్ళూ బిగించుకుని ఉన్నాడు. ఇలాంటి బిడ్డలకి వేళ్ళు అలాగే ముడుచుకుపోతాయట. నాకు మాత్రం ఎవరితోనో పోట్లాటకి తయారైనట్టు కనిపించాడు. నా పోలికే. పిడికిలిగాడు అని పేరు పెట్టేశాను. ఈయనకి ఇంకా చెప్పలేదు.

ఫిబ్రవరి 12

దుకాణంలో నాన్నకి చెప్పాను. స్కూలు ప్యాంట్ల గుడ్డ పరిచి కత్తిరిస్తున్నాడు. నాన్న కత్తిరింపు, నా కుట్టు, ఇన్నేళ్ళుగా అదే పద్ధతి. నేను చెబుతున్నా కత్తెర ఆపలేదు. మధ్యలో ఆపితే గుడ్డ వంకర పోతుంది. అంచుదాకా కత్తిరించి, కత్తెర పక్కన పెట్టి, అప్పుడు కూర్చున్నాడు.

"నీకేం కాదు కదా?" అన్నాడు.

"నాకేం కాదు నాన్నా."

"సరే. టీ తాగుదాం."

తెప్పించాడు గానీ ఇద్దరం తాగలేదు.

ఫిబ్రవరి 20

అత్తయ్య వచ్చింది. వచ్చీ రాగానే నా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఆవిడ చెయ్యి పట్టుకుందంటే ఏదో కష్టమైన మాట చెప్పబోతోందని నాకు తెలుసు.

"పుట్టగానే అటునుంచి అటే పంపించెయ్యమనమ్మా. నువ్వు చూడకు. చూస్తే మమకారం పడుతుంది. చూడకపోతే మర్చిపోవచ్చు."

"లోపల తంతున్నాడు అత్తయ్యా. చూడకపోతే మాత్రం ఎలా మర్చిపోను?"

ఆవిడ లేచింది. వంటింట్లోకి వెళ్ళి, తోమి బోర్లించిన గిన్నెలన్నీ మళ్ళీ తోమింది.

మార్చి 3

ఇవాళ బాగా తన్నాడు. ఇంత బలంగా తన్నేవాడికి అంత పెద్ద జబ్బు ఉంటుందా? యంత్రాలు పొరబడవా? మా దుకాణంలో టేపు సాగిపోయి, ఒక ఏడాది పిల్లలందరి కొలతలూ తప్పు రాలేదూ?

మార్చి 6

మళ్ళీ స్కాను చేశారు. టేపు సాగలేదు.

మార్చి 17

ఆసుపత్రిలో పాలియేటివ్ వాళ్ళని కలవమన్నారు. జబ్బు నయం చేయలేనప్పుడు మనిషికి బాధ లేకుండా చూసుకునేవాళ్ళట. ముసలివాళ్ళకనుకున్నాను. పుట్టబోయేవాళ్ళకి కూడా ఉంటారని ఇవాళే తెలిసింది. తెలియకుండా ఉంటే ఎంత బాగుండేది.

ఒక నర్సు వచ్చింది. మాట్లాడితే మాటకీ మాటకీ మధ్య ఒక కునుకు తీయొచ్చు. నెమ్మదమ్మ అని పేరు పెట్టాను. (ఈ మధ్య నాకు పేర్లు పెట్టే జబ్బు పట్టుకుంది.) బర్త్ ప్లాన్ రాయాలంది. కాన్పు గదిలో ఎవరెవరు ఉండాలి, బొడ్డు ఎవరు కోయాలి, లైట్లు తగ్గించాలా, ఫోటోలు కావాలా, మొదటి స్నానం ఎవరు చేయిస్తారు. ఒక్కోటి అడిగి, మేం చెప్పింది రాసుకుంది.

తర్వాత కలం పక్కన పెట్టి అడిగింది.

"మీ చిన్నప్పటిది ఏదైనా ఒకటి... ఈ బిడ్డకి ఇవ్వాలంటే... ఏమిస్తారు? కొనేది కాదు."

నేను ఈయన వైపు చూశాను. ఈయన ఎప్పుడూ ఆలోచించి మాట్లాడే మనిషి. డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతారు. పక్క సీట్లో కూర్చుని, తన వైపున్న బ్రేకు మీద కాలు పెట్టుకుని, ఎంత భయమేసినా నెమ్మదిగా "పర్లేదు, ఎడమకి తిప్పండి" అనడమే ఆయన ఉద్యోగం. ఇంట్లోనూ అంతే. అలాంటి మనిషి ఆలోచించకుండా చెప్పేశారు.

"గాలి. మా నాన్న నన్ను స్కూటర్ ముందు నిలబెట్టుకుని తిప్పేవాడు. మొహానికి కొట్టేది చూడండి, ఆ గాలి."

నెమ్మదమ్మ నవ్వి, కిటికీ ఉన్న గది అని రాసుకుంది. నన్ను తర్వాత చెప్పమంది.

చివరి ప్రశ్న ఇంకొకటుంది. బిడ్డకి ఊపిరి కష్టమైతే గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెట్టాలా, లేకపోతే మా దగ్గరే ఉంచి, బాధ తెలియకుండా మందిస్తే చాలా. గొట్టంతో జబ్బు పోదు, కొన్నాళ్ళు జరగొచ్చు, జరగకపోవచ్చు, కానీ వేరే గదిలో ఉంచాలి, ఇష్టం వచ్చినప్పుడు ఎత్తుకోలేరు అని డాక్టరమ్మ ముందే చెప్పింది.

"మా దగ్గరే," అన్నారు ఈయన.

"ఆలోచిస్తాం," అన్నాను నేను.

మార్చి 22

నా చిన్నప్పటిది ఏమివ్వాలి?

స్కూలు వదలగానే ఇంటికి కాదు, దుకాణానికే వెళ్ళేదాన్ని. కటింగ్ టేబుల్ కింద గుడ్డముక్కల గుట్ట ఉండేది. నీలం, తెలుపు, గళ్ళు, మెరూన్ రంగు. ఏ స్కూలు ముక్కలు ఎక్కువుంటే ఆ రోజు ఆ స్కూలు మీద పడుకునేదాన్ని. కొత్త గుడ్డ గంజి వాసన, మిషను నూనె వాసన. నా ముక్కుకి ఎదురుగా నాన్న పాదాలు పెడలు మీద పైకీ కిందికీ ఆడేవి. ఒక చెప్పు ఎప్పుడూ పక్కనే పడి ఉండేది. గుమ్మం దగ్గర వెలుతురులో అమ్మ ముక్కాలిపీట మీద కూర్చుని గుండీలు కుడుతూ దారం పంటితో తెంపేది. పళ్ళు పాడవుతాయని నాన్న రోజూ అనేవాడు. కత్తెర నువ్వు వదిలితే కదా అని అమ్మ రోజూ అనేది.

మిషను చప్పుడు వింటూ నిద్రపోయేదాన్ని. చప్పుడు ఆగితే మెలకువ వచ్చేది.

"ఏంటి ఆగింది?" అని టేబుల్ కిందనుంచి అడిగేదాన్ని.

"దారం అయిపోయింది. ఎక్కిస్తున్నా, పడుకో."

కొలతలకి వచ్చిన పిల్లలు ఊపిరి బిగపట్టి పొట్టలు లోపలికి లాక్కునేవాళ్ళు. నాన్న టేపు పట్టుకుని వాళ్ళని నవ్వించేదాకా ఆగేవాడు. నవ్వితే అసలు నడుం బయటపడుతుందనేవాడు. అమ్మ పోయాక ఆ ముక్కాలిపీట మీద ఎవరం కూర్చోవడం లేదు. తీసెయ్యడమూ లేదు.

ఆ మధ్యాహ్నాలు ఎక్కడికి పోయాయో. అప్పుడు నాకు ఏమీ కావాలని ఉండేది కాదు. ఇప్పుడు అదే వింతగా ఉంది.

ఏప్రిల్ 2

నెమ్మదమ్మకి ఫోన్ చేసి చెప్పాను. మిషను చప్పుడు ఇస్తానని. నవ్వుతుందనుకున్నాను. "కడుపులో ఉండి రోజూ వింటున్నాడు కదా, బయటికొస్తే గుర్తుపడతాడు," అంది. ఆ మాటకి దుకాణం షట్టర్ సగం దించేసి ఏడ్చాను.

చివరి ప్రశ్నకి ఇంకా ఆలోచిస్తున్నానని చెప్పాను.

ఏప్రిల్ 19

వాడికి చొక్కా కుట్టాను. ఆసుపత్రివాళ్ళు చెప్పిన కొలత నా అరచెయ్యంత. ఇంత చిన్న మెడకి పట్టీ నేనెప్పుడూ వేయలేదు. గుండీలు గుచ్చుకుంటాయని దారాలు పెట్టాను. ఈ దుకాణంలో నేను కుట్టిన వాటిలో ఇంత శ్రద్ధగా ఏదీ కుట్టలేదు.

నాన్న చూస్తానన్నాడు. అలవాటు ప్రకారం తిరగేసి లోపలి కుట్టు చూశాడు. చాలాసేపు చూశాడు.

"లోపల గుడ్డ వదిలావమ్మా," అన్నాడు.

పిల్లల బట్టలకి పక్కల్లో, అంచుల్లో లోపలికి గుడ్డ మడిచి వదులుతాం. పిల్లాడు ఎదిగాక కుట్టు విప్పి పెద్దది చేసుకోవడానికి. యూనిఫాం రెండేళ్ళు రావాలంటే అంతే. వాడి చొక్కాకీ వదిలాను. పక్కల్లో, చేతుల్లో, కింద అంచులో కూడా. రెండేళ్ళకి సరిపడా.

"అలవాటు నాన్నా," అన్నాను.

"ఊఁ. నాకూ అంతే," అని మడిచి నా సంచిలో పెట్టాడు. విప్పి మళ్ళీ కుట్టమనలేదు.

అలవాటే. ఇంకేముంటుంది.

ఏప్రిల్ 20

అలవాటు కాదు.

మే 11

పోట్లాట. మొదలుపెట్టింది నేనే.

చివరి ప్రశ్న సంగతి తేల్చాలి, కాన్పు గదివాళ్ళకి ప్లాన్ అందాలి అన్నారు ఈయన. గొట్టం వేయిద్దాం అన్నాను. మొదటిసారి నోటితో అన్నాను.

"వేస్తే ఏమవుతుందో చెప్పారుగా. నొప్పి వాడికి. చేతులు కట్టేసినట్టు పడుకోబెడతారు. ఎవరికోసం అదంతా? వాడికోసమా, నీకోసమా?"

"నాకోసమే. నాకు వాడు కావాలి. మీకేం, పక్క సీట్లో కూర్చుని బ్రేకు తొక్కడం తప్ప ఏం తెలుసు?"

అనకూడని మాట. అనేశాను. ఆయన తిరిగి ఏమైనా అంటే బాగుండేది. చెప్పులేసుకుని బయటికెళ్ళి, కాసేపటికి నాకు మందులు పట్టుకుని వచ్చారు.

మే 15

నెమ్మదమ్మ ఇంటికొచ్చింది. ఇద్దరి మొహాలూ చూసింది. చివరి ప్రశ్న దగ్గర పెన్సిల్‌తో రాసింది. "అమ్మ అప్పుడు చెబుతుంది."

"ఏది చెప్పినా... మేం అదే చేస్తాం. మధ్యలో మార్చినా... అదే చేస్తాం," అంది.

ఈయన తలూపారు. వేయమనే చెబుతానని నాకు తెలుసు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

జూన్ 6

వీపు నొప్పి. నాన్న నన్ను దుకాణానికి రావద్దంటున్నాడు. వాడికి చప్పుడు వినపడాలని చెప్పి వెళ్ళాను.

జూన్ 18

పుట్టాడు. తెల్లవారుతుంటే. ఏడ్చాడు.

ఏడ్చాడు.

జూన్ 30

ఇన్నాళ్ళకి కలం పట్టుకున్నాను. ఆ రెండు రోజులూ మర్చిపోకముందే రాసుకోవాలి. మర్చిపోతానని కాదు.

పెద్ద ఏడుపు కాదు, గొంతు సవరించుకున్నట్టు. బొడ్డు ఈయనే కోశారు. వాడిని తుడిచి నా ఎద మీద పెట్టారు. ఎంత తేలికో. మొహం మాత్రం పెద్దమనిషి మొహం, బిల్లు ఎక్కువేశారని అనుమానపడుతున్నట్టు నుదురు ముడిచి. చొక్కా తొడిగితే చేతులు రెండు మడతలు పెట్టాల్సి వచ్చింది.

నడవా చివర మాకొక గది ఇచ్చారు. కిటికీ ఉంది. ఈయన వాడిని ఎత్తుకుని కిటికీ దగ్గర నిలబడ్డారు. ఆ రోజు ఆకు కదల్లేదు. స్కూటర్ గాలి ఇస్తానన్న మనిషి ఎదురుచూసి ఎదురుచూసి, చివరికి నా కేసు ఫైలు తీసుకుని విసనకర్రలా విసిరారు. వాడు తుమ్మాడు. ఈయన హడలిపోయి ఫైలు కింద పడేశారు. "మీరు స్పీడు తగ్గించాలి," అన్నాను. పోట్లాట తర్వాత ఇద్దరం కలిసి నవ్వడం అప్పుడే.

అత్తయ్య గుమ్మం దగ్గరే నిలబడింది. లోపలికి రానంది. వాడు చిన్నగా మూలిగాడు. ఆవిడ సంచి అక్కడే పడేసి వచ్చి వాడిని లాక్కున్నంత పని చేసింది. తర్వాత ఇచ్చిందే లేదు. వాడి చెవిలో వాళ్ళ నాన్న మీద చాడీలు చెప్పింది. "మీ నాన్న నీ అంతప్పుడు ఒక్కరోజు నన్ను పడుకోనిచ్చాడా? నువ్వు నయం నాయనా, నువ్వు బుద్ధిమంతుడివి."

నాన్న మధ్యాహ్నం వచ్చాడు. అమ్మ వాడిన పాత చేతి మిషను భుజాన వేసుకుని. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడట. ఆసుపత్రికి కుట్టు మిషనెందుకన్నాడట. నాన్న ఏం చెప్పాడో తెలియదు, వాచ్‌మనే లిఫ్టు దాకా మోసుకొచ్చాడు.

బల్ల మీద పెట్టి, నూనె చుక్కలు వేసి, తిప్పబోయి ఆగాడు.

"ఏమైంది నాన్నా?"

"గుడ్డ లేకుండా ఉత్తినే తిప్పకూడదమ్మా, మిషను పాడవుద్ది. ఇక్కడ చిరిగినవి ఏమైనా ఉన్నాయా?"

నెమ్మదమ్మ వెళ్ళి, అంచులు ఊడిన దిండు గలీబులు ఒక చేతినిండా తెచ్చింది. నాన్న మొదలుపెట్టాడు. చప్పుడు వినగానే పిడికిలిగాడు కళ్ళు తెరిచాడు. ఎక్కడినుంచి వస్తోందో వెతికినట్టు ఇటూ అటూ కదిలించాడు. తర్వాత నుదుటి ముడత పోయింది. నిద్రపోయాడు.

సాయంత్రానికి వార్డంతా తెలిసిపోయింది. ఒక ఆయా ఏప్రన్ తెచ్చింది, ఎవరో పిల్లల డాక్టరు జేబు ఊడిన కోటు తెచ్చాడు. నాన్న అన్నీ కుట్టాడు. రేపు రండి అని కూడా చెప్పాడు కొందరికి.

మర్నాడు పొద్దున పాల కోసం ముక్కులోనుంచి సన్న గొట్టం వేసి చూశారు. అదే నా జవాబయింది. దారంలాంటి గొట్టం. అంతదానికే వాడు ఒళ్ళంతా విల్లులా వంచి, నీలమైపోయి, గొంతు లేని గొంతుతో ఏడ్చాడు. వెంటనే తీసేశారు. నా ఎద మీద వేసుకుని ఎంత నిమిరినా వెక్కుతూనే ఉన్నాడు. ఆ తర్వాత పాలు చుక్కలు చుక్కలుగా నాలుక మీద వేశాను. చప్పరించాడు. బాగుందన్నట్టు చప్పరించాడు.

మధ్యాహ్నం ఊపిరికీ ఊపిరికీ ఎడం పెరిగింది. నెమ్మదమ్మ వచ్చి చూసి, నోట్లో రెండు చుక్కల మందు వేసింది. నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

అప్పుడు ఈయన లేచారు. కుర్చీ పడిపోయింది.

"డాక్టర్ని పిలవండి. గొట్టం వేయమనండి. సిస్టర్, గొట్టం వేయమనండి. చూస్తూ కూర్చుంటారేంటి?"

నెలల తరబడి వద్దన్న మనిషి. తలుపు పట్టుకుని నిలబడి, బయటికి పోలేక లోపలికి రాలేక, పిల్లాడిలా ఏడుస్తున్నారు. అందరూ నా వైపు చూశారు. నెమ్మదమ్మ కూడా.

వేయండి అనే మాట నా నోట్లో ఎన్నాళ్ళనుంచో తయారుగా ఉంది. రావాల్సింది ఒక్క ఊపిరి. వాడి మొహం చూశాను. నొప్పి లేదు. పొద్దున్నాటి మొహం కాదు అది. చెంప నా ఎద మీద ఆనించి, చప్పుడు వింటున్నాడు.

"వద్దు," అన్నాను. "మీరు ఇలా రండి. కూర్చోండి. మీ చెయ్యి వీడి వీపు మీద పెట్టండి. వెచ్చగా ఉన్నాడు చూడండి."

వచ్చి పెట్టారు. ఆయన చెయ్యి కింద వాడు మొత్తం పట్టేశాడు. అత్తయ్య నా పాదాల దగ్గర కూర్చుంది. నాన్న ఆపనా అన్నట్టు చూశాడు.

"ఆపకు నాన్నా."

తిప్పుతూనే ఉన్నాడు. గుడ్డ అయిపోయింది, దారం అయిపోయింది, ఉత్తి మిషను తిప్పుతూనే ఉన్నాడు. ఏ ఊపిరి ఆఖరిదో నాకు తెలియలేదు. ఇంకొకటి వస్తుందని ఎదురుచూస్తూ ఉంటే నెమ్మదమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది.

జూలై 14

దుకాణం తెరిచాం. స్కూళ్ళ రద్దీ. ఎవరూ ఏమీ అడగలేదు. అడగనందుకు కోపం వచ్చింది. అడిగినా వచ్చేదే.

జూలై 15

పాలు ఇంకా వస్తున్నాయి.

ఆగస్టు 3

నాకు వాడు కావాలి.

సెప్టెంబర్ 21

ఇవాళ ఆదివారం. నాన్న, అత్తయ్య భోజనానికి వచ్చారు. తిన్నాక ఎవరం లేవలేదు, చేతులు ఎండిపోయేదాకా కబుర్లలో పడ్డాం. అత్తయ్య మళ్ళీ ఈయన చిన్నప్పటి ఆగడాలు మొదలుపెట్టింది. ఎవరిని ఎత్తుకోనిచ్చేవాడు కాదో, ఎవరిని చూస్తే ఏడ్చేవాడో.

ఈయన ఉన్నట్టుండి అన్నారు.

"మనవాడూ మొదట్లో నా దగ్గర ఉండేవాడు కాదు. ఎత్తుకుంటే చాలు, మొహం అదోలా పెట్టేవాడు. తర్వాత్తర్వాత అలవాటయ్యాడు. చివరికొచ్చేసరికి నా చెయ్యి తీస్తే ఊరుకునేవాడు కాదు."

 అత్తయ్య నన్ను చూసింది. నాన్న కంచంలోకి చూశాడు.

నేను ఆలోచించాను. నిజమే. కిటికీ దగ్గర అలాగే మొహం పెట్టాడు. ఫైలుతో విసరకముందు.

"అది మొదటి రోజు పొద్దున కదా," అన్నాను. "అప్పటికి వాడింకా చిన్నవాడు."